నూట పద్దెనిమిది బై రెండు

ఎండకి తెర మీద ఏమీ కనపడక
కడలి అప్పాయమ్మ తన పమిట కొంగు
నా టాబ్లెట్‌కి గొడుగు పట్టింది.
"ఏదీ, నా ఎకరం ముప్పై సెంట్లు?"

పాస్‌బుక్కులో ఉంది. శిస్తు రసీదులో ఉంది.
ఉపగ్రహం తీసిన బొమ్మలో
నూట పద్దెనిమిది బై రెండు మీద వేలు పెడితే
వేలి కింద గోదారి.

జిల్లేళ్ల లంకలో ఏడాదికి రెండు కోతలు.
ఒకటి వీళ్లు కోసేది, ఒకటి వశిష్ఠ కోసేది.
రెండోదానికి కొడవలి ఉండదు.
అర్ధరాత్రి దబ్బుమంటుంది,
తెల్లారి లెక్కపెడితే
రెండు కొబ్బరి చెట్లు తక్కువ.

ఉద్యోగానికి కొత్తవాణ్ణి. ఏం చెప్పాలో తెలీక
బొమ్మని వెనక్కి లాగాను.
లంక చింతగింజంతయింది.
రొయ్యల చెరువులు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోయాయి.
అంతర్వేదీ యానామూ ఒకే గోరు కింద పట్టాయి.
ఇంకా లాగాను. బంగాళాఖాతం. ఇంకా.
నలుపు నడుమ నీలంగా, గుండ్రంగా

"ఆపు బాబూ. అక్కడాపు."

చదివింది చెప్పాను:
చందమామని చూడ్డానికి పోయినవాళ్లు
వెనక్కి తిరిగి దీన్ని చూశారనీ,
వచ్చాక మునుపట్లా మాట్లాడలేకపోయారనీ.
చుట్టాల కబురు విన్నట్టు వింది.

"చుట్టూ ఆ నల్లనిదేంటి, నీళ్లా?"
"ఏమీ లేదండి. ఖాళీ."
"అయితే ఇదీ లంకేగా."

కాసేపు చూసి,
"దీనికి పంటు ఎక్కడ ఆగుద్ది?" అంది.
లేదన్నాను.
నవ్వలేదు.

"వరదొస్తే పలుపులు విప్పేస్తాం బాబూ,
ఎవరి గొడ్డని చూడం.
గట్టు తగాదా ఉన్నోడి అటక మీదే
వాడి పిల్లల పక్కన పడుకున్నాను మూడు రాత్రులు.
నీళ్లు తీశాక తగాదా మామూలే అనుకో.
కానీ ఆ మూడు రాత్రులూ
లంకంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
వాళ్లు పాపం అంత దూరం పోవాల్సొచ్చింది."

రిమార్కుల గడిలో 'నదీగర్భం' అని రాయాలి.
పెన్ను లేదన్నాను, టాబ్లెట్ చేతిలో పట్టుకునే.

రేవులో పడవెక్కుతూ
చెప్పులకంటిన ఒండ్రు కడుక్కోబోతే
గట్టు మీంచి కేకేసింది:

"నీళ్లలో కాదు బాబూ, ఇటొచ్చి ఇక్కడ దులిపెళ్లు.
అందులో నాదో సెంటు ఉంటుందేమో."