ఉప్పు తిన్న బండి

లైసెన్సు ఆఫీసులో ఆమె నా మిషిగన్ కార్డు తీసుకుని
మూలన చిన్న చిల్లు పొడిచి
తిరిగిచ్చేసింది, గుర్తుగా ఉంచుకోమని.
పర్సులో కొత్త కార్డు మీద పాతది పెట్టి చూస్తే
ఆ చిల్లులోంచి
నా కన్ను ఒక్కటే కనబడుతుంది.

టూసాన్‌లో నది ఉంది.
వంతెన ఉంది, వంతెన మీద నది పేరు రాసిన బోర్డు ఉంది,
కింద ఇసుక,
ఇసుకలో కుక్కను తిప్పుతున్న ముసలాయన.
నవ్వొచ్చింది.
ధర్మవరంలో పుట్టి చిత్రావతిని చూసినదాన్ని,
నీళ్లు లేని నదికి మర్యాద ఎట్లా చెయ్యాలో
నాకొకరు చెప్పాల్నా?

జెముడూ తెలిసిందే. ఇక్కడిది మనిషికి ఐదింతలు,
పోలీసులు ఆపినట్టు
చేతులు పైకెత్తి నిలబడి ఉంటుంది.
మధ్యాహ్నం కర్టెన్లు మూసి
బండలు తడిగుడ్డతో తుడిచి, ఆ చల్లదనం మీద పడుకోవడం తెలిసిందే.
"ఇంకేం, మనూరికి పోయినట్టే గదే" అంది అక్క ఫోన్లో.
నేనూ అట్లనే అనుకుని వచ్చినాను.

అక్టోబరు వచ్చింది. ఒక్క ఆకూ ఎర్రబడలేదు.
నవంబరు మొదట్లో ఒక ఆదివారం
గడియారం వెనక్కి తిప్పుదామని కుర్చీ ఎక్కితే
వకుళ కిందనుంచి అరిచింది:
"అమ్మా, ఈ స్టేట్‌లో టైం మార్చరు!"
కుర్చీ మీదే నిలబడిపోయాను కాసేపు,
ఎందుకెక్కానో దానికోసమే ఎక్కి,
దిగడానికి కారణం దొరక్క.

అక్కడ మీదే ఊరు అంటే కుడిచెయ్యి ఎత్తి చూపిస్తాం.
రాష్ట్రమే అరచెయ్యి.
ఇదిగో, బొటనవేలి మొదలుకి కాస్త కింద, యిప్సిలాంటి.
కొత్త బడిలో మొదటిరోజు ఏ ఊరు పాపా అంటే
వకుళ అలవాటుగా చెయ్యెత్తింది.
టీచరమ్మ, పాపం,
"బాత్రూమా? వెళ్లిరా" అంది.

గరాజ్ గోడకి మంచు పార వేలాడుతోంది.
సామాన్లవాళ్లు ఇది కూడానా అంటే కూడానే అన్నాను.
ఎదురింటి డోరతీ కొవాల్స్కీ, డెబ్భై తొమ్మిదేళ్లు,
పొద్దున ఐదింటికే లేచి
తన వాకిలితో పాటు నా వాకిలీ ఎత్తిపోసేది.
నిన్న ఫోటో పంపింది:
మా మెట్ల మీద మొదటి మంచు,
దాంట్లో ఎవరివో బూట్ల గుర్తులు.
పదహారేళ్లు తిట్టాను ఆ మంచును.
నాకొచ్చిన ధర్మవరం తిట్లన్నీ దానికే ఖర్చుపెట్టాను.
ఇప్పుడు తిట్టడానికేం లేక
నోరు చప్పబడింది.

ఇవాళ బండికి ఆయిలు మార్పించడానికి పోయాను.
రూబెన్ అనే కుర్రాడు.
బండిని పైకి లేపి, లైటు పట్టుకుని కిందకి దూరి
"ఎక్కణ్ణుంచి వచ్చారు మీరు?" అన్నాడు.
ఆ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ తయారే:
ఇండియా, దక్షిణాన, కాదు కాదు, హైదరాబాదు కాదు...
నోరు తెరిచేలోపే
"మంచు పడే చోటు కదా" అన్నాడు.
రమ్మని చూపించాడు.

అడుగంతా తుప్పు.
పదకొండు చలికాలాలు
రోడ్డు మీద చల్లిన ఉప్పు తిన్న బండి.
స్క్రూడ్రైవరుతో గీకితే
పొట్టు పొట్టుగా అతని భుజం మీద రాలింది.

"ఇక్కడి ఎండకి ఇంక పెద్దగా పెరగదులెండి" అన్నాడు,
నా మొహం చూసి.
"పోతుందా మరి?"
"ఉన్నది పోదు" అన్నాడు, తప్పు తనదైనట్టు.

హమ్మయ్య అనుకుని
బిల్లు కట్టాను.