మోకాళ్ళకు ఎర్రమన్ను

తొలకరి పడిందంటే మా జొన్నగిరిలో
ఎవరూ తలెత్తరు.
గుంటూరు నుంచి, బళ్ళారి నుంచి బస్సులు దిగిన జనం
చేలల్లో పడి, ముక్కు నేలకానించి
వజ్రాలు వెతుకుతారు.

నేను గట్టు మీద పోతాండాను.
చేతిలో దూది, కట్టుగుడ్డ, అయోడిన్ సీసా.
పది దాటితే ఈగలు ముసురుతాయి
సంసోను తాత కాలి పుండు మీద.

"రాహేలమ్మా, ఒక్కపూట వంగరాదా!
పోయినేడు గొర్రెల కాపరికి ఇరవై లక్షలంట!"
నవ్వి దాటినాను.
అప్పుడు తళుక్కుమంది,
సరిగ్గా నా బొటనవేలి ముందర.

వంగినాను, అబద్ధమెందుకు?
మోకాళ్ళూనినాను కూడా.
దురాశ దురాశలాగా రాదు గదా,
ప్రార్థన గొంతుతో వచ్చింది:
"ప్రభువా, ఇది దొరికితే నీ పేరున ఆసుపత్రే కట్టిస్తా,
గుడికి కొత్త రేకులేయిస్తా..."
గోడలు లేచినాయి, మంచాలు పడినాయి,
నా పేరు చెక్కిన రాయి కూడా.
అన్ని మంచాల్లో ఎక్కడా
సంసోను తాత లేడు.

లేచినాను.
అది గాజుపెంకో, ఏమో.
తెలుసుకోవాలనిపిస్తుంది
ఇప్పటికీ, కొన్ని రాత్రుళ్ళు.

తాత కాలు ఒళ్ళో పెట్టుకొని కట్టు విప్పితే
మొన్న రూపాయంత పుండు
ఇయ్యాల పావలా అంత.
ఆయన చూపు నా చీర మీద ఆగింది.
"మోకాళ్ళకు ఎర్రమన్నేందమ్మా?
దావలో ప్రార్థన చేసినావా?"

"చేస్తాంటి తాతా,
నువ్వు అడ్డమొచ్చినావు"
అని దూది తడిపినాను.