ఆగిపోవడానికి కారణం

కొర్లగుంటలో మేడమీద గది.
కింద ఇస్త్రీ బండి బొగ్గుల సెగ,
పైన నేనూ, చెవికి తగిలించుకున్న మైకూ,
డబ్బు పంపడం మానేసిన
రెండువందల పదకొండు మంది పేర్లూ.

దాతల సంబంధాలు చూస్తానంటే
పెళ్లి సంబంధాలనుకుంది మా అమ్మ, చాన్నాళ్లు.
ఇప్పుడెవరైనా అడిగితే
"మర్యాదగా చెయ్యి చాపే ఉద్యోగం" అంటుంది.
తప్పేం లేదు.

ఈ ఊళ్లో చెయ్యి చాపడం కష్టం కాదు,
దేనికో చెప్పడమే కష్టం.
కొండెక్కేవాడు అడక్కుండానే ముడుపు విప్పుతాడు,
గుండుతో తేలిగ్గా దిగొస్తాడు.
నేనడిగేది
స్టేషన్లో దెబ్బలు తిన్నవాడి లాయరు బస్సు చార్జీ.
ఏ దేశంలోనో మాయమైన ఒక కూతురి పేరు
కాగితం మీదైనా మాయం కాకుండా చూసే ఖర్చు.
"దీనికి ప్రసాదం ఏమిస్తారమ్మా?"
అనడిగాడొకాయన, వెటకారమేం లేకుండానే.
రసీదు ఇస్తాం సార్, అన్నాను.

జాబితాలో చివరి గడి: ఆగిపోవడానికి కారణం.
డబ్బు ఇబ్బంది. నమ్మకం పోయింది. నంబరు మారింది.
నాలుగోది నొక్కితే
పేరు బూడిద రంగులోకి తిరుగుతుంది.

నూట నలభై మూడు.
సోమల గురవరాజు, గిరింపేట, చిత్తూరు.
నెలకు మూడువందలు, ఆరేళ్లు, ఒక్క నెలా తప్పలేదు.
మార్చిలో ఆగింది.

ఎత్తింది ఆడగొంతు.
"మాయన పొయ్యి నాలుగు నెల్లాయె పాపా. నువ్వెవరు?"

చెప్పాను, రోజుకు అరవైసార్లు చెప్పే వాక్యమే.
అవతల కుక్కరు కూసింది. ఆమె కదల్లేదు.
ఇంకోసారి కూసింది.

"ఆరేండ్లా? నాకు తెల్దే.
ఆయన జైల్లో వార్డరు మా, నీకు తెలుసునా?"

తెలీదు.
వృత్తి అన్న గడిలో ఆయన అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఒగ దినం డూటీ నుంచి వచ్చి
తొట్టికాడ చేతులు కడుక్కుంటా నిలబడిపొయినాడు.
నీళ్లన్నీ అయిపొయినా కడగతానే ఉండాడు.
ఏమయ్యా అంటే, ఏం లేదులే అన్నె.
ఆ పొద్దు నుంచీ ఇంట్లో బీరువాక్కూడా
తాళం ఎయ్యనీలేదు.
నా రెండు గాజులూ బియ్యం డబ్బాలో పెట్టుకుంటి."

నా ముందున్న కాగితంలో రాసుంది:
దాత మౌనంగా ఉంటే మూడు సెకన్లు ఆగి, కృతజ్ఞత తెలపండి.
మూడు సెకన్లు ఆగాను.
ఇంకా ఆగాను.
ఇస్త్రీ బండాయన ఎవరితోనో చిల్లర గొడవ పడుతున్నాడు.

"ఇంగా బాకీ ఎంతుంది పాపా?"

బాకీ కాదమ్మా, ఇది దానం,
ఆయన తన ఇష్టంతో, అని నేనేదో అంటుంటే,

"దానమైతే నాకు చెప్పుంటాడు.
రూపాయి ఎవురికిచ్చినా చెప్పే మనిషి.
చెప్పలేదంటే అప్పే."

కిటికీలోంచి చూస్తే కొండ.
అక్కడున్నవాడే పెళ్లప్పు తీర్చుకుంటున్న ఈ ఊళ్లో
ఆ మాట నాకు వింతగా తోచలేదు.
అసలెంతో, ఎవరికో, ఏ గదిలో చేసిన అప్పో
ఆయనతోనే పోయింది.
వడ్డీ మాత్రం నా తెరమీద ఉంది
డెబ్బై రెండు వరసల్లో.

పై ఆఫీసువాళ్లకు ఇలాంటివి ఇష్టం.
ఫోటో ఉందా, రెండు పేరాల్లో పంపు, అంటారు.
పంపను.
నాలుగోది నొక్కబోయి ఆగాను.
ఖాళీగా వదిలేస్తే
గడి చుట్టూ ఎర్రగీత వస్తుంది. రానీ.

పేరు మార్చి రాసుకోమంది. మొగిలమ్మ.
ఫోన్లో డబ్బు పంపడం రాదంట,
బేస్తవారం కాయితం తీసుకొని రమ్మంది.
గిరింపేటలో దిగి వార్డరు ఇల్లు అంటే
ఎవరైనా చూపిస్తారంట.

తలుపు కొట్టబాకు, అంది.
నెట్టుకోని రా.
మా ఇంటికి గడియ లేదు.