పద్దెనిమిది నిమిషాలు

మద్రాసుకి యాభై నిమిషాలంట.
మా సూపర్‌వైజరు ఆరోగ్యసామి నోట్లోనే ఉంటాయి
అన్ని ఊర్ల లెక్కలూ.
బెజవాడ గంటా పది. వైజాగు గంటా నలభై.
గౌహతి అంటే
పొద్దున తిన్న ముద్ద అరిగేదాకా.
నాకు బాగేపల్లి నించి దేవనహళ్ళికి
గంటా ముక్కాలు,
టోలుగేటు కాడ లారీలు అడ్డం లేకుంటే.

విమానం ఎక్కేది దినానికి పదకొండు తూర్లు.
ఎగిరింది ఒక్క తూరీ లేదు.
దిగేవాళ్ళు ముందు నించి దిగుతుంటే
వెనక మెట్ల మీద ఎక్కుతాం మేము,
నేనూ, చౌడమ్మా, ఆ ఒరిస్సా పిల్లా.
పద్దెనిమిది నిమిషాల్లో
నూటా ఎనభై సీట్లు.

దూరం నాకు సీట్ల సందుల్లో దొరుకుతుంది.
దగ్గరూరి వాళ్ళు ఏమీ తినరు,
ముడుచుకొని కూర్చొని లేచిపోతారు.
దూరం నించి వచ్చినోళ్ళు
కమలాతొక్కలు, ఒంటి సాక్సు,
సగం పూరించిన గళ్ళనుడికట్టు.
ఒకతూరి సంచిలో ఎవరిదో పళ్ళసెట్టు.
పరుగెత్తి ఇచ్చొచ్చేలోగా
మూడు నిమిషాలు పోయినాయని తిట్లు.

ఒకటి మాత్రం తేడా తెలీదు.
బెల్టులు అడ్డంగా మడిచేటప్పుడు
చెయ్యి తగుల్తుంది కదా,
మద్రాసు సీటూ వెచ్చగానే ఉంటుంది,
ఢిల్లీ సీటూ వెచ్చగానే ఉంటుంది.

మొన్న సోమవారం, వాన.
తలుపు మూసేసినారు, మేము లోపలే.
నలభైరెండు కాడ నించి నలభైయేడు కాడికి
ఈడ్చుకొని పోవాలంట విమానాన్ని.
"యాడన్నా కూర్చోండమ్మా" అన్నాడు ఇంజనీరు పిల్లోడు,
మా ముఖాలు చూడకుండానే.

చౌడమ్మ నిలబడే సీటు పట్టుకుంది.
నేను కూర్చున్నా.
పద్నాలుగో వరస, కిటికీ పక్క.
బెల్టు పెట్టుకున్నా.
వేల తూర్లు మడిచిన బెల్టు,
నా నడుముకి చాలదేమో అనుకున్నా. చాలింది,
ఇంకా మిగిలింది.

కదిలింది.
రెక్క మీద నీళ్ళు వెనక్కి జారినాయి.
బండ్లు, తాళ్ళు, గొడుగు పట్టుకున్న ఆరోగ్యసామి,
అంతా మెల్లగా వెనక్కి పోయినారు.
కడుపులో ఏదో లేచింది,
నేల మీదే ఉన్నామని తెలిసి కూడా.
నాలుగు నిమిషాలు. ఐదేమో.
లెక్కపెట్టలేదు.

ఆగింది.
బెల్టు విప్పినా, మళ్ళా అడ్డంగా మడిచినా,
అద్దం మీద నా ముక్కు మరక తుడిచినా.
తలుపు తీసేసరికి
వైజాగు జనం వరస కట్టి ఉన్నారు.

పద్నాలుగులో కిటికీ పక్క ఎవరు కూర్చున్నారో,
కింద వెచ్చగా తగిలితే
ఎవరిదీ అని ఒక క్షణం అనుకున్నారో లేదో.
నాది గంటా నలభై ప్రయాణం
వాళ్ళ కిందే అయిపోయి ఉంటుంది.

రాత్రి బస్సులో చోటు దొరకలేదు.
చిక్కబళ్ళాపురం దాకా నిలబడే వచ్చినా.
కండక్టరు "యాడికి?" అన్నాడు.
రోజూ అడిగే మాటే.
నోట్లోకి వచ్చిన ఊరి పేరు మింగి
చిల్లర తీసిచ్చినా.