ఎనభై ఆరు మోడల్

బిదియాల డాంబరు రోడ్డు
చెప్పాపెట్టకుండా ఇసుకల మునిగే చోట
హుమైద్ షెడ్డు ముందు
రెండు బండ్లు ఎదురెదురుగా నిలబెట్టినం,
కొమ్ములు కలపకముందు పొట్టేళ్ల లెక్క.

నాది తెల్ల పికప్పు. మూడేండ్లది.
కాగితం మీద కఫీల్ పేరు, కిస్తీలు నావి.
తలుపు తీస్తే పలకరిస్తది,
బెల్టు పెట్టకుంటే సతాయిస్తది,
వెనక్కి తీస్తుంటే వెనక ఏమున్నదో
పలకంత తెర మీద చూపిస్తది.
మంచిదే. ఏ మాటకామాటే చెప్పాలె.

కానీ పోయిన జులైల
క్యాంపుకు నీళ్ల డబ్బాలు, రెండు మేకలు ఏసుకొని పోతుంటే
నడి ఇసుకల
పసుపు రంగు ఇంజిన్ బొమ్మ ఒకటి వెలిగింది.
షోరూముకు పొమ్మని చెప్పి పండుకున్నది.
షోరూము మస్కట్‌ల. నేను దిబ్బ మీద.
బానెట్ ఎత్తితే అంతా నల్ల ప్లాస్టిక్ మూత,
వేలు దూరే సందు లేదు.
పాతికేండ్లు పానా పట్టినోన్ని,
పిలవని పెండ్లికి పోయినట్టు నిలబడ్డ.
మేకలు డబ్బాల తడి నాకినయి.
పొద్దుగూకంగ ఒంటెలను తోలుకపోయేటోడు కనపడేదాక
నాకు దొరికిన నీడ
దాని కిందనే.

హుమైద్‌ది ఎనభై ఆరు మోడల్ ల్యాండ్ క్రూజర్,
వాళ్ల తాత ముసల్లం కొన్నది.
ఒకప్పుడు ఖర్జూర రంగు ఉండెనట,
ఇప్పుడు ఎండ ఏ రంగు ఇస్తే ఆ రంగు.
ఏసీ లేదు. ఒక కిటికీకి పిడి లేదు,
బదులు స్పానరు వేలాడుతున్నది.
సీటు చిరుగుల్లకెళ్లి ఏలకుల కాఫీ వాసన,
ఒంటె చెమట, డీజిలు.
తాళంచెవి ఏదంటే
పిల్లగాడు నవ్వి, చెంచా కాడ చేతిల పెట్టిండు.
వానికి తెర కావాలె, పాటలు కావాలె.
మిగిలిన కిస్తీలు నేను కట్టుకుంట,
మీద నాలుగు వందల రియాళ్లు అన్నడు.

ఫోన్ల రాజలింగం మొత్తుకున్నడు:
నెత్తి ఖరాబైందా? ఎవడన్న ఎడ్లనమ్మి ట్రాక్టరు కొంటడు,
నువ్వు ట్రాక్టరునిచ్చి ముసలెద్దును తోలుకొస్తున్నవ్.

జవాబు చెప్పలే. కిందికి దూరిన.
వీపు కింద ఇసుక సలసల.
చాసిస్ మీద గోటితో గీరిన, కమాన్ పట్టీలు లెక్కబెట్టిన,
గేర్‌బాక్సుకు కొంచెం నూనె చెమట. పరవాలేదు.
డీజిల్ పైపు చాసిస్‌ను ఆనుకున్న చోట
సైకిల్ ట్యూబు చీలికతో ఎవరో కట్టిన కట్టు.
గట్టిపడి రాయి అయ్యింది గానీ
పట్టు వదల్లే.

టార్చి దగ్గరికి పెట్టిన.
రెండు చుట్లు, కొస వెనక్కి మలిచి,
ఉచ్చులకెళ్లి గుంజి, చివరికి వదిలిన చిన్న చెవి.
కాడికి నాగలి కట్టేటప్పుడు మా దిక్కు వేసే ముడి.
తప్పు కడితే మా మేనమామ
వేళ్ల మీద కొట్టి నేర్పిన ముడి.
ఇక్కడోళ్లు ఇట్ల కట్టరు. మలబారోళ్లు కట్టరు.
పఠాన్లయితే తీగ చుట్టి మెలేస్తరు.

ఎవరు కట్టిండ్రిది? కిందికెళ్లే అడిగిన.
హుమైద్ చెప్పులు ఇసుకల కదిలినయి.
తెల్వదన్నడు. తాత కాలంల ఒక హిందీ ఉండెనట.
పేరా?
రఫీక్ అని పిలిచేటోళ్లట.

నన్నూ అట్లనే పిలుస్తరు.

బయటికి రాబుద్ధి కాలే కొంచెంసేపు.
వేలితో ఆ చెవిని ముట్టిన,
గుంజలే.

తిరుగుదారిల అరవై దాటదు,
మాట మాటకు దగ్గుతది, గాలి మొత్తం మొఖం మీదికే.
వెనక అద్దంల నా పికప్పు
హుమైద్‌ను అదే గొంతుతో పలకరించే ఉంటది.

ఇబ్రాల రెండు వందల బైసాలకు
ఆ పైపుకు కొత్త క్లిప్పు దొరికింది. కొన్న.
మెకానిక్కునన్నాక మార్చాలె.
డాష్‌బోర్డు మీద పడి ఉన్నది, గుంత వచ్చినప్పుడల్లా
గలగలమంటది.
వచ్చే జుమ్మాకు చూద్దాం.