తాళం చెవి

రేపు శుక్రవారం.
రూవీకి పోతనంటున్నవ్, ఫోన్ కొంటనంటున్నవ్.
కూసో రంజితూ, చాయ్ తాగు.
నా దగ్గర ఒకటున్నది, చూపిస్త.

గిదే. ముప్పై ఎనిమిది రియాళ్లు.
అద్దం మీద గీత లేదు, వీపు మీద మచ్చ లేదు.
పెండ్లిసూపులకు కూసోబెట్టినట్టు పెట్టిండు మొయిదు
ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద.
"అన్‌లాక్ భాయ్, ఆల్ సిమ్, ఆల్ కంట్రీ" అన్నడు.
అన్ని దేశాలంటే
నేనున్న దేశం గూడ అండ్లనే ఉంటదనుకున్న.

అప్పటిదాక నాది బటన్ల ఫోన్. ఏడేండ్లు.
రెండుసార్లు సిమెంటుల పడ్డది, ఒకసారి పప్పుల పడ్డది.
కడిగితే మోగింది.
గని కంపెనీ కొత్త రూల్ పెట్టింది:
ఒకటో తారీకు నుంచి హాజరు యాప్‌ల కొట్టాలె,
మొఖం చూపెట్టాలె, జాగ చూపెట్టాలె.
ఫోర్‌మన్ శంసుద్దీన్ రిజిస్టర్ మూసి
దాని మీద టిఫిన్ డబ్బ పెట్టుకున్నడు.

కొన్న రాత్రి స్విచ్చు ఒత్తితే
మనది గాని కంపెనీ పేరు ఒక్క గడియ ఎలిగి ఆరింది.
పట్టించుకోలే.
కిరాయికి దిగిన అర్రల పాతోళ్ల క్యాలెండర్ ఉండదా,
అట్లనుకున్న.

గీతలు నాలుగుండాలె. ఒకటున్నది.
అదిగూడ కిటికి కాడ.
పక్క మంచం బెంగాలీ పిలగాడు
అదే సిమ్ముతోని సినిమా చూస్తున్నడు.
వాడే జెప్పిండు:
"గాలిల తొవ్వలుంటయ్ కాకా, దేశానికో తీరు.
నీ ఫోనుకు ఈడి తొవ్వలు ఎరుక లేవు."

వాదీ కబీర్ సైటు. రెండంతస్తుల కింద డక్టు పని.
మొఖం చూపెట్టిన.
గుండ్రంగ తిరుగుతనే ఉన్నది, గానుగెద్దు లెక్క.
పైపుల నడుమ పన్నెండు గంటలు చేసిన.
యాప్‌ల ఆ దినం నేను రాలే.
రెండో దినం గూడ రాలే.
మూడో దినం ర్యాంపు మీదికి ఉరికి చేయి పైకెత్తితే
మొఖం గుర్తుపట్టనన్నది.
సిమెంటు మొఖం మరి.
జీతంల రెండు దినాలు కోసిండ్రు.

అండ్ల ఒకనాడు రాత్రి
దానంతటదే ఏదో కొత్తది ఎక్కించుకున్నది.
తెల్లారి చూస్తే, ఈ సిమ్ము చెల్లదు.
నా బతాక మీద, నా ఏలిముద్ర మీద తీసిన సిమ్ము!

మొయిదు కాడికి పోయిన.
"అన్‌లాకే భాయ్. తీసినోడు తీసిండు.
మళ్ల ఎవడన్న ఏస్తే నేనేం జెయ్యాలె?"
రసీదు మీద అరబ్బీల ఒక ముక్కున్నది.
పక్క దుకాణం ముసలాయన చదివి నవ్విండు:
అమ్మినది వాపస్ లేదు.

తాళం తీసినం అంటరు.
చెవి ఎవని దగ్గరున్నదో ఎవడు జెప్పడు.
తాళం చెవి అని మనోళ్లు ఊకెనే అనలే రంజితూ,
తాళానికి గూడ చెవుంటది,
ఒక్కని మాటే ఇంటది.
ఆ ఒక్కడు సముద్రాల అవుతలున్నడు,
నా పేరు సుత ఎరుగడు.

రేపు నీ సిమ్ము తీస్కపో. దుకాణంలనే ఎయ్యి.
నాకు ఫోన్ కొట్టు. గుమ్మంల నిలబడి కాదు,
ఎనుక మెట్ల కింది నుంచి.
స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి
అచ్చిన నంబరు డబ్బ మీది దానితోని కలపి చూడు.
దొంగ సొమ్మైతే పోలీసోనికి బతాక చూపేది నువ్వే, మొయిదు కాదు.
సిమ్ము పెట్టే సందున్నదా చూడు.
నవ్వకు, సత్తెన్న సందు లేనిది కొన్నడు,
సూది పట్టుకొని రాత్రంత ఎతికిండు.

గిది పారెయ్యలే నేను.
డక్టు లోపట బత్తికి పనికొస్తది.
ఒక్క ఫోటో ఉండిపోయిందిండ్ల, తుడిచేటోడు మరిచిండు:
మంచు, మంచుల కుక్క,
కుక్క మెడకు ఎర్ర రుమాలు.
నలభై ఏడు డిగ్రీల రేకుల నడుమ
అప్పుడప్పుడు తీసి చూస్త.
బాగనే ఉన్నట్టుంది, కుక్క.

చాయ్ సల్లారింది, తాగు.
మెట్ల కింది నుంచి. మరిచేవు.