ఇత్తడి కడుపుల చుక్క

ఇబ్రీ సనాయాల పొద్దుగాల ఎనిమిదింటికే
రేకు షట్టరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటది.
ముసలి హుమైద్ బండి ఆపలే.
ఆపితే మళ్ల లేవదని
దిగకుంటనే హారన్ కొట్టిండు.

డెబ్బై ఆరు మోడల్ బెడ్‌ఫోర్డ్.
వెనుక నీళ్ల ట్యాంకు, తాళ్లకు మేక వెంట్రుకలు.
డోర్ల రంగు ఎండ ఎప్పుడో నాకేసింది.
పొగ మాత్రం కొత్తది, చిక్కటిది,
కందిలి గాజుకు పట్టే మసి లెక్క.

షిజు స్కానర్ పట్టుకొని ఉరికొచ్చిండు.
స్టీరింగ్ కింద వంగి వంగి దేవులాడిండు.
గుచ్చేతందుకు ఆ బండికి బెజ్జమే లేదు.
"ఓదేలన్నా, ఇది నీ కాలం పేషెంటు" అన్నడు.

నా కాలమంటే
మెట్‌పల్లి బస్టాండు ఎదురుంగ
లూనా బండ్ల జెట్లు ఊది ఊది
అన్నం మెతుకుకు సుత పెట్రోలు రుచి తగిలిన కాలం.

బానెట్ లేపిన.
గాలి దొంగతనంగ దూరితే ఈల వేస్తది.
గాస్కెట్ చుట్టు చెవి తిప్పిన, ఈల లేదు.
చోక్ రెక్క నిలువుగ తెరిచే ఉంది.
యాక్సిలరేటర్ గుంజిన, పంపు మంచిగనే చిమ్మింది.
ప్లగ్గు విప్పిన:
బొగ్గు. తడి బొగ్గు.
ఇది ఆకలి రోగం కాదు,
తిండి ఎక్కువైన రోగం.

"ఎప్పుడు దగ్గుతది, బాబా?"
నా అరబ్బీ సగం మాటలు, సగం చేతులు.
ఆయన మాట్లాడలే. అరచెయ్యి ఏటవాలుగ పెట్టి
వాదీ అవతలి గుట్ట చూపిండు.
ఎక్కుడుల్నే ఎక్కువట.

మూత స్క్రూలు చాయ్ గ్లాసుల వేసిన.
గిన్నె అంచుదాక పెట్రోలు,
అడుగున బొంబాయి రవ్వ అసొంటి ఇసుక.
దొరికిందిరా దొంగ, అనుకున్న.
జెట్లు ఊదిన. తీగ పెట్టలే;
తీగ పెడితే బెజ్జం సాగుతది,
సాగిన బెజ్జం జన్మల మూసుకోదు,
మా ఉస్తాద్ దిలావర్ వీపు మీద కొట్టి నేర్పిన మాట.
సూది కడిగిన, బిగించిన, స్టార్ట్ చేసిన.

అదే పొగ.

షిజు నా దిక్కు చూడకుంట పానాలు తుడిచిండు.
జొహర్ బాంగు అయింది. హుమైద్ నమాజుకు పోయిండు,
ఇంజను నడుస్తనే ఉంది,
దాన్ని చూస్కొమ్మని నాకు చెప్పి.
నేను ఆపేసిన.

మళ్ల మూత తీసిన. ఈసారి ఫ్లోట్ పీకి
చెవికాడ ఆడించిన.
లోపట ఒక చుక్క కదిలింది.
షిజు చెవికి పెట్టిన.
వాడు కండ్లు మూసిండు, మళ్ల ఆడించమన్నడు.

తేలాల్సింది మునుగుతుంది.
గిన్నె నిండిందని చెప్పేది అదొక్కటే,
దాని కడుపులనే నిండింది.

చాయ్ గిన్నెల నీళ్లు కాగబెట్టి ముంచినం.
అతుకు కాడి నుంచి బుడగలు,
సూదిమొన అంత సన్నగ, వరుసగ.
కక్కినంత కక్కనిచ్చినం.
బుడగలు ఆగి, వాసన పోయినంక
సోల్డరింగ్ కడ్డీతోని ఒక్క బొట్టు.
రెండో బొట్టు పెట్టబోతే షిజు చెయ్యి పట్టుకున్న:
అతుకు బరువైనా మునుగుతది, తమ్మీ.

స్క్రూ లోపటికి తిప్పి, తగిలినంక
ఒకటిన్నర చుట్టు వెనుకకు.
ఇబ్రీ ఎండకు ఇంత అని ఏ లెక్కల లేదు.
రవ్వంత ఇటు, రవ్వంత అటు,
బానెట్ మీది గ్లాసుల మిగిలిన చాయ్
వణుకుడు ఆపేదాక.

హుమైద్ వచ్చిండు. తాళం తిప్పి ఆపిండు.
మేము ముగ్గురం ఊపిరి బిగబట్టినం.
మళ్ల తిప్పిండు: లేచింది.
ఆపిండు. లేపిండు. ఆపిండు.
పైసలు ఎంతని అడగలే.
అవతల మేకలు నీళ్లకు ఎదురు చూస్తుండొచ్చు.
ఆయన మాత్రం మెట్టు మీద కూసోని
ఆపి ఉన్న బండికి వీపు ఆనించి
చల్లారిన చాయ్ మెల్లగ తాగిండు.